ఆదివారం సెలవు ఎవరికి? పని, విశ్రాంతి, ఆట మూడింటినీ వారంలో సర్దుకోవడం ఎలా

నేను నకిరేకల్‌లో బట్టలు కుడతాను. డిసెంబర్ వచ్చిందంటే మా సంఘంలో సగం మంది క్రిస్మస్ జాకెట్లు నా మిషన్ మీదే ఉంటాయి. మూడేళ్ల కింద డిసెంబర్ 24న రాత్రి రెండింటిదాకా హుక్స్ కుట్టి, పొద్దున స్నానం చేసి చర్చికి పోయి, చుట్టూ నేను కుట్టిన జాకెట్లే వేసుకున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని, నోరు తెరిచి నిద్రపోయాను. మా చిన్నది మోచేత్తో పొడిచి లేపేసరికి అయ్యగారు ఆశీర్వాదం చెబుతున్నారు. దేవుడు పుట్టిన పండగ రోజు నాకు కలిగిన సంతోషమల్లా ఇంక నాలుగు రోజులు మిషన్ తొక్కక్కర్లేదు అన్నదే.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మార్చుకున్నాం. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. అవే రాస్తున్నాను. నేను బైబిల్ కాలేజీలో చదవలేదు, ఏదైనా తప్పు చెబితే మీ పాస్టరు గారిని అడిగి దిద్దుకోండి.

ముందుగా, ఏమీ మార్చకుండా ఒక వారం రాయండి

పాత క్యాలెండర్ వెనక్కి తిప్పండి, లేదా పిల్లల పోయినేడాది నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు తీసుకోండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గీతలు గీసి, రోజూ పడుకునే ముందు ఒక్కొక్కరి కింద మూడు సంగతులు రాయండి. పని ఎన్ని గంటలు, నిద్ర ఎన్ని గంటలు, ఊరికే సంతోషం కోసం చేసింది ఏమిటి. ఫోన్ చూసిన టైమును విశ్రాంతిలో కలపకండి, దానికి వేరే గీత గీయండి. నేను రాత్రి పదకొండు నుంచి పన్నెండున్నర దాకా రీల్స్ చూసి దాన్ని రెస్ట్ అనుకునేదాన్ని, పొద్దున లేస్తే మెడ పట్టేసేది.

మా ఇంట్లో ఆ కాగితం మీద బయటపడిన సంగతి ఒకటే. అందరికంటే ఎక్కువ పని గంటలు నావి, అదీ సోమవారం కాదు, ఆదివారం. పొద్దున అయిదింటికి లేచి కోడికూర, బగారా అన్నం, అందరి బట్టలు ఇస్త్రీ, పిల్లలిద్దరినీ సండే స్కూలుకు తయారు చేయడం, పదిన్నరకు ఆరాధన, వచ్చాక చుట్టాలు, అంట్లు, సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే కాటేజ్ ప్రార్థన, అక్కడ మళ్లీ చాయ్ కప్పులు కడగడం. మా ఆయన కింద మాత్రం ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల నిద్ర ఉంది. ఆయన తప్పు కూడా కాదు, చిట్యాల వైపు మందుల కంపెనీలో షిఫ్టులు చేసి వస్తాడు, పడుకోకపోతే పడిపోతాడు. కానీ ఆ మూడు గంటల నిద్రకు సరిపడా పని నా కింద ఎక్కింది.

నిర్గమకాండం 20లో విశ్రాంతి దినం ఆజ్ఞ తీసి చదవండి. నువ్వు రెస్ట్ తీసుకో అని ఒక్క మాటతో ఆపలేదు దేవుడు. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ దగ్గరున్న పరదేశి అని వరసగా లెక్కపెట్టాడు. ద్వితీయోపదేశకాండం 5లో అయితే కారణం కూడా చెప్పాడు. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు కదా, అది గుర్తుంచుకోండి అని. అంటే నా సెలవు కోసం ఇంకొకరు వెట్టి చేస్తుంటే దాన్ని విశ్రాంతి దినం అనడానికి లేదు. (ఆ వరసలో భార్య అన్న మాట లేదు, చూశారా? ఇది చూపించి మా ఆయన నవ్వాడు. మా అత్తమ్మ మంచంలోంచే జవాబిచ్చింది, "నువ్వు అన్నకాడనే ఇద్దరూ ఉన్నరు రా, పెండ్లినాడు ఏకశరీరం అని చదివిండ్రు గదా" అని.)

అందుకే రాసిన కాగితంలో ముందు మీ గీత కాదు, అందరికంటే తక్కువ విశ్రాంతి ఎవరికి ఉందో ఆ గీత వెతకండి. మార్పు అక్కడినుంచి మొదలుపెట్టండి. ఆ గీత మీదే అయితే కాగితం గోడకు అతికించండి, అందరూ చూస్తారు.

తర్వాత, రోజు తేల్చుకోండి

సంఘంగా ఆరాధించేది ఆదివారమే, ప్రభువు లేచిన రోజు కాబట్టి. శనివారం పాటించే సంఘాలూ ఉన్నాయి. ఆ వాదన ఇక్కడ వద్దు, రోమా పత్రిక 14లో పౌలు ఎవరి మనసులో వారు రూఢి చేసుకోమన్నాడు. నేను అడిగేది వేరు. కంపెనీ షిఫ్టులో ఉన్నవాళ్లు, నర్సులు, ఆర్టీసీ కండక్టర్లు, హైవే మీద హోటళ్లలో చేసేవాళ్లు, వీళ్లకు ఆదివారం ఎట్లా కుదురుతుంది? వీక్లీ ఆఫ్ బుధవారం వస్తే బుధవారమే తీసుకోండి, ఆదివారం ఆరాధనకు పోగలిగిన షిఫ్టులో పోండి. దొరికిన ఆ బుధవారాన్ని మాత్రం కరెంటు ఆఫీసు, బ్యాంకు, గ్యాస్ బుకింగ్‌లకు ఇచ్చేయకండి.

ఆ ఒక్క రోజు సెలవు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కూలీలకు ఆదివారం సెలవు వచ్చింది 1890లో, నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన కూలీలను కూడగట్టి ఏళ్ల తరబడి అడిగితే. మీ ఆయన డబుల్ ఓటీ (ఓవర్‌టైమ్) ఉందని ఆఫ్ రోజు కూడా పోతానంటే ఈ సంగతి చెప్పి చూడండి. మా ఆయన విన్నాడా అంటే, నెలకు ఒక్క ఓటీకి ఒప్పుకున్నాడు. అది కూడా స్కూటీ ఈఎంఐ అయిపోయేదాకా.

రోజును పొద్దుటినుంచి కాకుండా సాయంత్రం నుంచి లెక్కపెట్టండి. బైబిల్లో రోజు అస్తమయంతోనే మొదలవుతుంది, ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉంది. మేం శనివారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం సాయంత్రం ఆరు దాకా పెట్టుకున్నాం. దీనివల్ల పెద్ద లాభం ఏమిటంటే విశ్రాంతి నిద్రతో మొదలవుతుంది, ఉరుకులతో కాదు.

రైతులు, కూలీకి పోయేవాళ్లు ఇది చదువుకోండి

క్రీస్తు శకం 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం పట్నాల్లో పనులు, కోర్టులు ఆపమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు రైతులను మాత్రం వదిలేశాడు. అదును తప్పితే పంట పోతుందని. చక్రవర్తి మాట అది. నిర్గమకాండం 34:21 అయితే దున్నే కాలంలోనూ కోత కాలంలోనూ ఆ రోజు ఆగమంటుంది. నాకు మొదట ఇది రైతుల కష్టం తెలియని మాటలా అనిపించింది. తర్వాత మా అమ్మగారి ఊళ్లో యాసంగి కోతలప్పుడు చూశాను. వరి కోసి, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ కాడ ఆరబోసి, లారీ కోసం వారం రోజులు ఎండలో కాపలా ఉన్న మా అన్నకు ఆ వారంలో ఒక్క పూట కూడా పిల్లల మొహం చూసే వీలు దొరకలేదు. అదును ఎప్పుడూ ఉంటుంది. నారు ముదురుతది, పత్తి వానకు తడుస్తది, అది అయ్యేసరికి బత్తాయి కోత. పని తగ్గాక ఆగుదాం అంటే పని తగ్గే రోజు పంచాంగంలో లేదు.

అందుకని ఇట్లా విడదీయండి. ఆగనివి ఒక పక్క, ఆగేవి ఒక పక్క. బర్రెకు నీళ్లు, పాలు పితకడం, కాల్వ నీళ్లు వంతు మీద వచ్చినప్పుడు మడికి మళ్లించడం, వాన వస్తుంటే వడ్ల మీద పట్టా కప్పడం, ఇవి ఆగవు. విశ్రాంతి దినాన ఎద్దును విప్పి నీళ్లకు తోలుకుపోరా అని యేసు అడిగింది వీటి గురించే (లూకా 13). ఎరువుల షాపు బాకీ లెక్కలు, ట్రాక్టర్ రిపేర్, గట్టు తగాదా, కూలీలకు ఫోన్లు, ఇవి సోమవారం దాకా ఆగుతాయి. మేస్త్రీకి శనివారమే చెప్పి పెట్టుకోండి. మీరు చర్చిలో కూర్చుని, మీ మడిలో పది మంది ఆడవాళ్లు నాటు వేస్తుంటే ఆజ్ఞలో దాసి అన్న మాట దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి.

రోజు కూలీ మీద బతికేవాళ్లకు నేను సలహా చెప్పడానికి సిగ్గుపడతాను. పాలమూరు నుంచి పట్నానికి, బొంబాయికి వలస పోయి బిల్డింగుల దగ్గర పనిచేసే కుటుంబాలకు ఆగిన రోజు అంటే కూలీ లేని రోజు. అయినా మా సంఘంలో ఒకక్క చేసిన పద్ధతి చెబుతాను. కూలీ ఆరు వందలు వచ్చిన రోజు వంద తీసి బియ్యం డబ్బాలో వేసేది. ఆరు రోజులకు ఆరు వందలు, అది ఏడో రోజు కూలీ. ఇశ్రాయేలీయులు అరణ్యంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారాన్ని ఆరో రోజున రెండింతలు ఏరుకున్నట్టే. ప్రతి వారం ఆమెకు కుదరలేదు. మందులకో, ఫీజుకో డబ్బా ఖాళీ అయ్యేది. నెలకు రెండు ఆదివారాలు మాత్రం నిలబెట్టుకుంది.

శనివారం పని శనివారమే

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. నిర్గమకాండం 16లో మోషే చెప్పింది కూడా ఇంతే, కాల్చుకునేది ఇవ్వాళే కాల్చుకోండి, వండుకునేది ఇవ్వాళే వండుకోండి అని. మధ్యాహ్నం మూడింటికల్లా మొదలుపెట్టండి. దోసెల పిండి రుబ్బి పెట్టడం, నాలుగు జతల బట్టలు ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించడం, నల్లా వచ్చినప్పుడు డ్రమ్ములు నింపడం, బండిలో పెట్రోల్, పిల్లల బైబిల్, కానుక చిల్లర, చెప్పులు. చెప్పులు మరిచిపోకండి. మా ఇంట్లో ఆదివారం పొద్దున జరిగే తగాదాల్లో సగం ఒంటి చెప్పు గురించే.

వంట తగ్గించండి. ఇక్కడే పెద్ద యుద్ధం జరుగుతుంది. కోడికూర లేని ఆదివారం ఆదివారమేనా అని మా ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మేం కోడికూరను శనివారం రాత్రికి జరిపాం. ఆదివారం మధ్యాహ్నం పచ్చిపులుసు, పప్పు, మామిడికాయ తొక్కు. ఆదివారమే తినాలనిపిస్తే ఎవరికి అనిపించిందో వాళ్లే వండాలి అని ఒక నియమం పెట్టుకున్నాం. చుట్టాలు వస్తే? వాళ్లకు కూడా పప్పే. మొదటి రెండు సార్లు నాకు తల కొట్టేసినట్టయింది. మూడోసారి మా ఆడబిడ్డ మా ఇంట్లో రెండు గంటలు కూర్చుని కబుర్లు చెప్పి పోయింది. అంతకుముందు ఎప్పుడు వచ్చినా నేను వంటింట్లోంచి అరిచి మాట్లాడేదాన్ని. యేసు ఇంటికొస్తే పనుల్లోనే మునిగిపోయిన మార్త గురించి ఇన్నిసార్లు ప్రసంగాలు విన్నాం, మార్తకు ఆ రోజు ఎవరైనా సాయం పట్టి ఉంటే బాగుండేదని ఒక్కరూ అనరేం!

పనికి తాడు కట్టండి

సొంత పని ఉన్నవాళ్లకు ఇది కష్టం. షాపుకు షట్టర్ ఉంటుంది, ఇంట్లో ఉన్న మిషన్‌కు షట్టర్ లేదు. శనివారం ఆరు కాగానే నేను మిషన్ మీద పాత దుప్పటి కప్పేస్తాను. చిన్న పనే, కానీ దుప్పటి తీసి కుట్టాలంటే చెయ్యి ఆగుతుంది. మీది కిరాణా కొట్టు అయినా, ట్యూషన్ అయినా, ఆన్‌లైన్ పని అయినా ఇలాంటి దుప్పటి ఒకటి వెతుక్కోండి.

పండగ సీజన్‌కు లెక్క ముందే వేసుకోండి. నాకు లైనింగ్ జాకెట్టు ఒకటి కుట్టాలంటే కటింగుతో సహా రెండు గంటలు. రోజుకు ఆరు గంటలు కూర్చోగలను, అంటే మూడు. డిసెంబర్ 1 నుంచి 20 దాకా మూడు ఆదివారాలు తీసేస్తే 17 రోజులు, 51 జాకెట్లు. ఆల్టరేషన్లకూ నాకు జ్వరం వస్తే అన్నదానికీ ఆరు తీసేసి 45 దగ్గర ఆర్డర్లు ఆపేస్తాను. నలభై ఆరో ఆది జాకెట్టు పట్టుకొచ్చిన అక్కకు, కుట్టలేనక్కా, వేరేచోట ఇచ్చుకో అని చెప్పాలి. మొదటి ఏడాది ఇద్దరు నా మీద అలిగి పోయారు, ఒకరు మళ్లీ వచ్చారు, రెండోవారు రాలేదు. ఆ నెల ఆదాయం కూడా తగ్గింది. తగ్గదు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో మాట కూడా. ఆజ్ఞలో ఆరు రోజులు కష్టపడి పనంతా చేయాలని కూడా ఉంది. పని చేయనొల్లనివాడు తినకూడదని థెస్సలొనీకయులకు పౌలు రాసిందీ ఉంది. వారమంతా అరుగు మీద కూర్చునే అన్నలు ఈ వ్యాసం చూపించి భార్యతో వాదించవద్దని మనవి.

నిద్ర

ఏలీయా ప్రవక్త అలిసిపోయి చెట్టు కింద పడుకుని చచ్చిపోతే బాగుండు అన్నప్పుడు దేవదూత ఆయనకు ప్రసంగం చెప్పలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు (1 రాజులు 19). మనసు బాగాలేదని ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరికి ముందు ఎనిమిది గంటల నిద్ర కావాలని నా అభిప్రాయం. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లను ఆల్ నైట్ ప్రార్థనకు రమ్మని బలవంతం చేయకండి, ముఖ్యంగా బండి మీద పోయేవాళ్లను. పగలు పడుకునేవాళ్ల గది కిటికీకి నల్లటి గుడ్డ కుట్టి కట్టండి, రెండు మీటర్లు చాలు. వాళ్ల ఫోన్ వేరే గదిలో పెట్టండి.

ఇక ఆట

మన విశ్వాసుల ఇళ్లలో ఆటంటే కొంచెం అనుమానం. క్రికెట్ లోకం, పాటలు లోకం, నవ్వితే కూడా లోకమే అన్నట్టు పెరిగాం మేం. పనికి వాక్యం ఉంది, విశ్రాంతికి వాక్యం ఉంది, ఆటకు ఎక్కడుంది అని సండే స్కూల్లో ఒక పిల్లాడు నన్నే అడిగాడు. వెతికితే జెకర్యా 8లో దొరికింది. దేవుడు యెరూషలేమును మళ్లీ బాగుచేస్తే ఎట్లా ఉంటుందో చెబుతూ, చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్లు వీధుల్లో కూర్చుని ఉంటారనీ, ఆ వీధులు ఆడుకునే మగపిల్లలతో ఆడపిల్లలతో నిండి ఉంటాయనీ అన్నాడు. ఆడపిల్లలు కూడా, గమనించండి. అంట్లు తోముతూ కాదు, ఆడుకుంటూ.

కాబట్టి వారంలో ఆటకు ఒక టైము రాసి పెట్టండి, కనీసం గంట. మేం ఆదివారం నాలుగింటికి అష్టాచెమ్మా వేస్తాం. గవ్వలు లేకపోతే చింతగింజలు నేలకు రాసి ఒక పక్క తెల్లగా చేసుకోండి. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేదు, అందుకని చాక్‌పీస్‌తో పాత టేబుల్ మీద గీశాం. ఆమె వయసు డెబ్బై దాటింది, ఒక్కరి కాయను కూడా వదలదు, చంపుడే. మగపిల్లలుంటే చిర్రగోనె (గిల్లీదండా), కబడ్డీ, చర్చి ఆవరణలో వాలీబాల్ నెట్. పెద్దవాళ్లు కూడా దిగాలి, కుర్చీలో కూర్చుని సలహాలు చెప్పడం ఆట కాదు. డబ్బు పెట్టి ఆడవద్దు. ఆటలోంచి నీతి తీసి పిల్లలకు చెప్పవద్దు, వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. గెలిచిన వాళ్లకు బహుమతి కూడా అక్కర్లేదు.

ఏడాదికి రెండు మూడు సార్లు ఎటైనా పోండి. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు, లేకపోతే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. ఆ మర్రిచెట్టు సంగతి తెలుసు కదా, వందల ఏళ్ల చెట్టు, జనం కొమ్మలెక్కి ఊగి ఊగి, దానికి తోడు చెదలు పట్టి, పెద్ద కొమ్మ విరిగి పడితే కొంతకాలం జనాన్ని రావద్దని ఆపేశారు. 2018లో మనుషులకు ఎక్కించినట్టే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. చెట్టుకు కూడా సెలవు ఇస్తే గాని కోలుకోలేదు. మా ఆయనకు వెన్నునొప్పి వచ్చినప్పుడు నేను ఈ చెట్టు పేరే ఎత్తుతాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచను. మనం ఆదివారం సాగర్ పోతే అక్కడ చేపలు వేయించే ఆమెకు, హోటల్లో ప్లేట్లు తీసే పిల్లాడికి అదే ఎక్కువ పని రోజు. మేం డబ్బాలో పులిహోర కట్టుకుపోతాం, కుదిరితే ఆదివారం కాకుండా రెండో శనివారం పోతాం. అయినా ఆటో అతను ఆ రోజు నడుపుతూనే ఉంటాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

సంఘంలో పని చేసేవాళ్ల సంగతి

పాస్టరు గారికి, ఆయన భార్య అమ్మగారికి, కీబోర్డ్ వాయించే తమ్ముడికి, సండే స్కూల్ టీచర్లకు ఆదివారం డ్యూటీ రోజు. వాళ్లకు సోమవారం వదిలేయండి, చావుబతుకుల సంగతి కాకపోతే ఆ రోజు ఫోన్ చేయకండి. ప్రేమ విందు అయ్యాక గిన్నెలు కడగడానికి ఎప్పుడూ అదే నలుగురు ఆడవాళ్లు మిగులుతారు కదా, యూత్ అబ్బాయిల పేర్లతో వంతులు రాసి గోడకు అంటించండి. అంతా నువ్వొక్కడివే చేస్తే నలిగిపోతావని మోషేకు మామ చెప్పి పని పంచిపెట్టించాడు, మన దగ్గర చెప్పే మామ లేడంతే.

వారం చెడిపోతే

చెడిపోతుంది. పెళ్లి వస్తుంది, చావు వస్తుంది, నాట్ల టైములో మా అన్న ఫోన్ చేస్తే నేనే పోయాను ఒక ఆదివారం. ఆ వారం పోయినట్టే, వచ్చే శనివారం ఆరింటికి మళ్లీ దుప్పటి కప్పండి. విశ్రాంతి దినం మనిషి కోసమే గానీ మనిషి దానికోసం కాదని మార్కు సువార్తలో ప్రభువే అన్నాడు కాబట్టి, దీన్ని పట్టుకుని ఇంట్లో వాళ్లను సాధించకండి. నేను సాధించాను కొన్నాళ్లు. దుప్పటి కప్పిన పది నిమిషాలకే పిల్లల మీద అరిచేదాన్ని, ఇది విశ్రాంతి టైము, నోర్మూసుకుని కూర్చోండి అని.

నాలుగు వారాలయ్యాక మళ్లీ కాగితం గీసి ఒక వారం రాయండి, పాతదాని పక్కన పెట్టి చూడండి. తేడా ఉందా లేదా అని మీలో మీరు అనుకోవద్దు, మొదటి కాగితంలో తక్కువ విశ్రాంతి ఎవరి కింద ఉందో వాళ్లను అడగండి. మా ఇంట్లో అడగాల్సింది నన్ను. మా ఆయన అడిగాడు కూడా, ఒక ఆదివారం మధ్యాహ్నం, గరిటె చేత్తో పట్టుకుని వంటింటి గడపలో నిలబడి. ఆ రోజు కోడికూర తినాలనిపించింది ఆయనకే. నేను మంచం మీద పడుకుని, బాగానే ఉంది గానీ వాసన వస్తోంది, అడుగంటుతున్నట్టుంది చూడు అన్నాను.